నార్మల్: మూలమట్టం నుంచి అభిలంబం దాకా

లాటిన్‌లో ‘నోర్మా’ అంటే వడ్రంగి లంబకోణాన్ని సరిచూసుకునే మూలమట్టం. దాని నుంచి వచ్చిన ‘నోర్మాలిస్’కు తొలి అర్థం ఆ మట్టానికి సరిపడినది అని కాగా, ‘నార్మల్’ అంటే మామూలు అనే నేటి వాడుక ఇంగ్లీషులో 19వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. జ్యామితి మాత్రం పాత అర్థాన్నే నిలుపుకొన్నది. లంబంగా నిలిచే ఆ నార్మల్‌ను తెలుగు గణిత గ్రంథాలు అభిలంబం అంటాయి.

త్రిపరిమాణ ఆకృతిని మెష్‌గా, అంటే చిన్న ముఖాల అల్లికగా, స్క్రిప్టుతో నిర్మించేటప్పుడు ఈ అభిలంబమే ముఖానికి లోపలి, బయటి వైపులను తేల్చుతుంది. ఏ సమతలానికైనా లంబదిశలు రెండుంటాయి కనుక, వాటిలో ఒకదానిని ఎంచేది శీర్షాలను పేర్కొన్న వరుస: క, ఖ, గ శీర్షాలైతే, క నుంచి ఖకు, క నుంచి గకు సాగే సదిశల వజ్రలబ్ధం, అంటే ఆ రెండింటికీ లంబంగా నిలిచే సదిశ, ముఖాభిలంబమవుతుంది, ఖ, గలను తారుమారు చేస్తే అది వెనుదిరుగుతుంది. బయటినుంచి చూసినప్పుడు అపసవ్యంగా సాగే వరుసను ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ, సవ్యంగా సాగే దానిని డైరెక్ట్‌3డీ అనే మరొకటి ముందువైపుగా ముందే ఎంచుకొని ఉండటం వల్ల, ఒకచోట సరిగా కనిపించిన ఆకృతి మరొకచోట వెనుక ముఖాల తొలగింపుకు గురై డొల్లగా తోచవచ్చు.

పొరుగు ముఖాలు రెండూ తమ ఉమ్మడి అంచును ఎదురెదురు దిశల్లో నడిస్తేనే మెష్ పొందికగా ఉన్నట్టు. అలా పొందికగా ఉన్నా, అభిలంబాలన్నీ కలిసి లోపలికి తిరిగాయా అన్న చిక్కుకు సొగసైన పరిష్కారం ఉంది: మూసి ఉన్న ఆకృతిలో ప్రతి త్రిభుజమూ మూలబిందువుతో ఏర్పరచే చతుర్ముఖి ఘనపరిమాణాన్ని గుర్తుతో సహా కూడితే, కుడిచేతి నిరూపక వ్యవస్థలో రుణ ఫలితం వచ్చినప్పుడు వరుసలన్నిటినీ తిప్పాలి.