కొత్త లారీకి ఆర్డరు: పరిమిత కేటాయింపులు, కొనుగోలుదారు హక్కులు

జంషెడ్‌పూర్ కర్మాగారం నుంచి బయలుదేరే ప్రతి లారీ చాసిస్ వెనుక ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో పెద్ద రవాణా సంస్థలు, ప్రభుత్వ శాఖలు, మహానగరాల డీలర్లు ముందుంటారు. చిన్న పట్టణంలోని డీలరు, అతని వద్ద అడ్వాన్సు చెల్లించిన సొంత బండి డ్రైవరు చివరన నిలుస్తారు. డీలరుకు నెలకు కొద్ది బండ్లు మాత్రమే కేటాయింపుగా వచ్చే పరిస్థితిలో ఆర్డరు ఇచ్చినవారికి చట్టరీత్యా ఏ హక్కులు సంక్రమిస్తాయి, ఏ దశలో సంక్రమిస్తాయి, ఏ పత్రాలు దగ్గర ఉంచుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వివరంగా పరిశీలిద్దాం.

లారీల నగరం

ఉక్కు కర్మాగారంతో ఖ్యాతి పొందిన జంషెడ్‌పూర్‌లో 1945లో టాటా ఇంజినీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ, అంటే టెల్కో, ఏర్పాటయింది. మొదట రైలింజన్ల తయారీకి ఉద్దేశించిన ఆ సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం కుదుర్చుకుని లారీల నిర్మాణం చేపట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారింది. 2025 అక్టోబరులో వాణిజ్య వాహనాల విభాగం ప్రత్యేక సంస్థగా విడిపోయింది. మధ్యతరహా, భారీ లారీల తయారీ నేటికీ ఈ నగరంలో కొనసాగుతోంది. పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతంలోని విడిభాగాల యూనిట్లు చాలావరకు ఈ కర్మాగారంపైనే ఆధారపడి ఉన్నాయి.

ఈ నగరంతో తెలుగువారి అనుబంధం పాతది. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం తరలివచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం ఇందుకు సాక్ష్యం. లారీ రంగంలో మరో బంధం కూడా ఉంది. ఇక్కడ తయారైన చాసిస్‌లు ఘాట్‌శిల, బహరాగోడా మీదుగా బాలేశ్వర్ చేరి, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై విశాఖపట్నం, విజయవాడల దిశగా వస్తాయి. లారీ బాడీల నిర్మాణంలో విజయవాడ ఆటోనగర్‌కు ఉన్న పేరు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసినదే.

కేటాయింపు అంటే ఏమిటి

తయారీ సంస్థ ఒక నెలలో ఏ రకం లారీలను ఎన్ని తయారు చేయగలదో లెక్కగట్టి, వాటిని ప్రాంతాలవారీగా, డీలర్లవారీగా పంచుతుంది. ఇదే కేటాయింపు. ఈ పంపకంలో డీలరు గత నెలల్లో చేసిన అమ్మకాలు, అతని వద్ద ఇప్పటికే ఉన్న నిల్వ, బ్యాంకు అతనికి ఇచ్చిన రుణ పరిమితి వంటివి లెక్కలోకి వస్తాయి. డీలరు ప్రతి బండికీ తయారీ సంస్థకు ముందుగా సొమ్ము సర్దుబాటు చేయాలి. కొనుగోలుదారు వాయిదాల ఒప్పందం పూర్తయ్యే వరకు ఆ సొమ్ముపై వడ్డీ భారం డీలరుదే. అందువల్ల చిన్న డీలరు ఎక్కువ బండ్లు అడగలేడు. అడిగినా అన్నీ దక్కవు. గిరాకీ ఎక్కువగా ఉన్న టిప్పరు, పన్నెండు టైర్ల లారీ వంటి రకాల్లో ఈ ఇబ్బంది మరింత కనిపిస్తుంది.

కొరత కొత్తది కాదు. లైసెన్సుల కాలంలో ఉత్పత్తి సామర్థ్యాన్నే ప్రభుత్వం నిర్ణయించేది. లారీల పంపిణీని అదుపు చేయడానికి 1963లో కేంద్రం వాణిజ్య వాహనాల పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వును తీసుకువచ్చింది. నేడు ఆ నియంత్రణలు లేవు. అయినా 2021లో సెమీకండక్టర్ల కొరత వచ్చినప్పుడు నిరీక్షణ జాబితాలు మళ్లీ పెరిగాయి.

1970 నాటి తీర్పు చెప్పినది

కేటాయింపునకు చట్టం దృష్టిలో ఉన్న విలువ ఎంత? ఈ ప్రశ్నకు జంషెడ్‌పూర్ లారీల విషయంలోనే సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. జంషెడ్‌పూర్ వాణిజ్య పన్నుల అధికారికీ, టెల్కోకూ మధ్య నడిచిన వివాదంలో 1970లో తీర్పు వెలువడింది. కర్మాగారం నుంచి వివిధ రాష్ట్రాల్లోని నిల్వ కేంద్రాలకు వెళ్లిన లారీలను అంతర్రాష్ట్ర విక్రయంగా భావించి బిహార్‌లో పన్ను విధించవచ్చా అన్నది అందులోని అంశం. అప్పట్లో జంషెడ్‌పూర్ బిహార్‌లో భాగం.

డీలర్లకు పంపిన కేటాయింపు లేఖల వల్ల మాత్రమే ఏ లారీ ఏ డీలరుదో నిర్ణయమైపోదని న్యాయస్థానం భావించింది. నిల్వ కేంద్రంలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు పేర్కొని ఫలానా బండిని ఫలానా డీలరుకు కేటాయించినప్పుడే అది అతనికి చెందినదవుతుందని, అంతవరకు ఆ బండిని మరొకరికి ఇచ్చే స్వేచ్ఛ, మరో రాష్ట్రంలోని కేంద్రానికి తరలించే స్వేచ్ఛ కంపెనీకి ఉంటుందని పేర్కొంది.

ఇది పన్నులకు సంబంధించిన తీర్పు. అయినా దాని వెనుక ఉన్న సూత్రం ప్రతి కొనుగోలుదారుకూ వర్తించేదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఏ వస్తువో నిర్దిష్టంగా తేలేవరకు దానిపై యాజమాన్యం కొనుగోలుదారుకు బదిలీ కాదు. అంటే డీలరు పుస్తకంలో మూడో వరుసలో పేరు ఉండటం వేరు, ఒక చాసిస్ నంబరు పక్కన పేరు ఉండటం వేరు. మొదటిది ఒక వాగ్దానం మాత్రమే. రెండోది ఉంటేనే ఫలానా బండి నాదని చెప్పుకునే వాదనకు పునాది ఏర్పడుతుంది.

ఆర్డరు పత్రంలో ఉండవలసినవి

నోటిమాటపై ఆధారపడే అలవాటు లారీ రంగంలో ఎక్కువ. డీలరు ఎంత తెలిసినవారైనా ఈ వివరాలు రాతపూర్వకంగా ఉండాలి: లారీ రకం, మోడల్, వీల్‌బేస్, ఇంజను సామర్థ్యం, మొత్తం బరువు పరిమితి, చాసిస్ మాత్రమేనా లేక బాడీతో సహానా, చెల్లించిన సొమ్ము, బండి అందించే గడువు, గడువు దాటితే ఆర్డరు రద్దు చేసుకునే హక్కు, సొమ్ము తిరిగి ఇచ్చే వ్యవధి.

చెల్లించిన సొమ్మును రసీదులో ఏమని రాశారన్నది కూడా ముఖ్యం. అడ్వాన్సు వేరు, బయానా వేరు. కొనుగోలుదారు తానుగా వెనక్కి తగ్గితే బయానా జప్తు కావచ్చు. ధరలో భాగంగా చెల్లించిన అడ్వాన్సు విషయంలో డీలరు వాస్తవ నష్టం మేరకే కోరగలడన్నది కాంట్రాక్టు చట్టపు సాధారణ సూత్రం. రసీదు డీలరు సంస్థ పేరునే ఉండాలి. సేల్స్‌మన్ వ్యక్తిగత ఖాతాకు సొమ్ము పంపడం ప్రమాదకరం.

చాసిస్ నంబరు కేటాయించిన వెంటనే దానిని లిఖితంగా కోరాలి. తయారైన నెల, సంవత్సరం కూడా అడగాలి. విక్రయ ధ్రువపత్రమైన 21వ నంబరు ఫారంలో ఈ వివరం నమోదవుతుంది. నెలల తరబడి యార్డులో ఎండకు, వానకు నిలిచిన బండిని కొత్త బండి ధరకు అంటగట్టకుండా ఇది కాపాడుతుంది.

ధర, పన్ను, వడ్డీ

నిరీక్షణ కాలంలో ధర పెరిగితే భారం ఎవరిది? చాలా ఆర్డరు పత్రాల్లో బండి అందించే నాటి ధరే వర్తిస్తుందన్న షరతు ఉంటుంది. సంతకానికి ముందే దీనిని గమనించాలి. పన్ను విషయంలో ఇదే సూత్రం ఒక్కోసారి కొనుగోలుదారుకు మేలు చేస్తుంది. లారీలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందే అడ్వాన్సు చెల్లించినా, ఇన్‌వాయిస్, సరఫరా రెండూ ఆ తేదీ తర్వాత జరిగినవారికి తగ్గిన రేటే వర్తిస్తుంది. ఉదాహరణకు పన్ను కాక 30 లక్షల రూపాయల ధర ఉన్న లారీపై పన్ను 8 లక్షల 40 వేల నుంచి 5 లక్షల 40 వేలకు తగ్గుతుంది. తేడా 3 లక్షలు.

రుణం విషయంలో జాగ్రత్త మరింత అవసరం. ఫైనాన్స్ సంస్థ సొమ్ము విడుదల చేసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బండి రోడ్డెక్కిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. 30 లక్షల రుణంపై ఏటా 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 25 వేల రూపాయలు. కేటాయింపు రాకముందే సొమ్ము విడుదలై, ఆపై బాడీ కట్టడానికి మరో నెల పడితే, సంపాదన లేకుండానే రెండు నెలల వడ్డీ, అంటే 50 వేల రూపాయలు, నెత్తిన పడుతుంది. అందువల్ల రుణ మంజూరు పత్రం ముందుగానే తీసుకున్నా, సొమ్ము విడుదలను చాసిస్ నంబరు ఖరారుతో ముడిపెట్టడం శ్రేయస్కరం.

తేదీల గండం

నిబంధనలు మారే తేదీలకు అటూ ఇటూ ఆర్డరు ఇచ్చేవారు రెట్టింపు అప్రమత్తంగా ఉండాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 3 వాహనాల విక్రయం, రిజిస్ట్రేషన్ నిలిపివేయాలని సుప్రీంకోర్టు కేవలం మూడు రోజుల ముందు, మార్చి 29న ఆదేశించింది. అప్పటికి 8 లక్షలకు పైగా వాహనాలు అమ్ముడుపోకుండా మిగిలి ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 అమలులోకి వచ్చింది. దాని రెండో దశ 2023 ఏప్రిల్‌లో మొదలయింది. 2018లో ఇరుసు బరువు పరిమితులు పెరిగి, మూడిరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. 2025 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది.

ఇటువంటి మార్పులకు ముందు పాత రకం బండ్లు రాయితీతో సులభంగా దొరుకుతాయి. కొత్త రకానికి నిరీక్షణ పెరుగుతుంది. రాయితీ చూసి ఆశపడేవారు ఆ బండికి గడువులోగా రిజిస్ట్రేషన్ పూర్తవుతుందో లేదో ముందుగా తేల్చుకోవాలి.

చాసిస్ నుంచి రోడ్డు దాకా

డీలరు ఉన్న రాష్ట్రంలోనే రిజిస్టరు చేయవలసిన కొత్త వాహనానికి దరఖాస్తును డీలరే సమర్పించాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఝార్ఖండ్‌లో కొని ఆంధ్రప్రదేశ్‌కో, తెలంగాణకో తీసుకువెళ్లేవారికి 43వ సెక్షన్ కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్ అవసరం. బాడీ కట్టించుకోవలసిన చాసిస్‌కు గరిష్ఠంగా 6 నెలల వరకు ఈ వెసులుబాటు ఉంది. బండి యార్డు దాటేనాటికి బీమా కొనుగోలుదారు పేరున అమలులో ఉండాలి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో ఏదైనా జరిగితే ఆదుకునేది అదొక్కటే.

దరఖాస్తుతో పాటు 20, 21, 22 నంబరు ఫారాలు, చాసిస్‌పై బాడీ కట్టించినవారు అదనంగా 22-ఏ, బీమా పత్రం, ఇన్‌వాయిస్, రుణం ఉంటే హైపోథికేషన్ పత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాతే పర్మిట్. వేరే రాష్ట్రాలకు సరుకు మోసేవారు నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. బండి అందినా ఈ పత్రాల్లో ఒక్కటి తప్పుగా ఉంటే కిరాయికి వెళ్లడం సాధ్యం కాదు.

అన్యాయం జరిగితే

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి లారీ యజమాని వినియోగదారుడు కాడన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఇది పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసమే కొన్న వస్తువును వాణిజ్య ప్రయోజనంగా పరిగణించరాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు లారీనే ఉదాహరణగా తీసుకుంది. లారీ కొని స్వయంగా నడుపుకునే వ్యక్తి వినియోగదారుడేనని, ఒకరిద్దరి సహాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని స్పష్టం చేసింది. అనేక లారీలు కొని జీతగాళ్లతో నడిపించే సంస్థలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

అర్హులైనవారు ముందుగా డీలరుకు, తయారీ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్, ఆపై 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్ విచారిస్తాయి. కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. జంషెడ్‌పూర్‌లో కొన్న బండి కోసం శ్రీకాకుళం వాసి ఝార్ఖండ్ వెళ్లి తిరగనవసరం లేదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి.

కమిషన్ ముందు నిలిచేది పత్రమే. సంతకం ఉన్న ఆర్డరు ఫారం, బ్యాంకు ద్వారా చెల్లించిన రసీదు, చాసిస్ నంబరు తెలిపిన లేఖ లేదా సందేశం, గడువు గురించి జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, ఇవన్నీ ఒక ఫైలులో భద్రపరచుకున్న చిన్న యజమాని మాట అక్కడ చెల్లుబాటవుతుంది.