ఆఖరి జాడింపుకి మంచినీళ్ళు

బట్టలు ఆరడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. బహామాస్ దీవుల్లో చలికాలం ఉత్తరాది చలిగాలి దిగబోయే ముందు ఒక పూట ఇలాగే ఉంటుంది. మబ్బు తునక కనపడదు. నైరుతి నుంచి వెచ్చటి గాలి ఆగకుండా వీస్తుంది. గాలి తూర్పు నుంచి దక్షిణానికి, దక్షిణం నుంచి నైరుతికి మళ్ళిందంటే సాయంత్రానికో రాత్రికో వాయవ్యం నుంచి దెబ్బ తప్పదని ఆ నీళ్ళల్లో తిరిగే పడవలవాళ్ళందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. తెలిసే దండెం కట్టింది.

అది గ్రేట్ ఎగ్జూమా దీవిలో జార్జ్‌టౌన్ ఊరి ముందున్న ఎలిజబెత్ హార్బర్. ఒక పక్క ఊరు, ఎదురుగా స్టాకింగ్ ఐలాండ్ అనే సన్నటి పొడుగాటి దీవి, మధ్యలో మైలు వెడల్పున నీళ్ళు. అమెరికా, కెనడాల చలి పడలేక వచ్చిన సెయిల్‌బోట్లు చలికాలమంతా వందలకొద్దీ ఇక్కడ లంగరేసుకుని ఉంటాయి. వాటిలో ఒకటి ఈ తెలుగు దంపతులది. ఆయనది కాకినాడ, ఆమెది రాజోలు దగ్గర పల్లె. న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసి, పిల్లలు వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళాక, పాత 38 అడుగుల పడవ కొనుక్కుని అందులోనే కాపురం పెట్టారు. ఇదంతా ఆమె చెప్పగా రాస్తున్నదే. పేర్లు మాత్రం వద్దంది.

"ఉతకడం ఏముందండీ, ఎవరైనా ఉతుకుతారు. జాడించడం దగ్గరే ఉంది తంటా," అంటుంది ఆవిడ. కాలవ రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దుప్పట్లు జాడించిన మనిషికి, చుట్టూ కనుచూపు మేర నీళ్ళే ఉన్నా చెంబుడు మంచినీళ్ళు లెక్కపెట్టుకోవాల్సి రావడం మొదట్లో ఏడుపు తెప్పించిందట.

లీటరు సముద్రపు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్ళలో తడిసిన తువ్వాలు ఎండలో ఆరిపోయినట్టే కనిపిస్తుంది. నీరు పోతుంది గానీ ఉప్పు దారాల్లోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే చెమ్మ పట్టి కరగడం మొదలెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి అంత తేమ కూడా అక్కర్లేదు, అందులో సగమైనా చాలు. అంటే పగలంతా ఆరిన చొక్కా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. వేసుకుంటే ఒరుసుకుపోయి ఒళ్ళు మండుతుంది, పరుపు మీద పరిస్తే పరుపూ చెమ్మెక్కుతుంది. అందుకే ఎన్నిసార్లు ఉప్పునీళ్ళలో ఉతికినా ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళలో అయి తీరాలి.

ఆ మంచినీళ్ళు ఊళ్ళోంచి రావాలి. సున్నపురాతి దీవులివి, ఒక్క నది లేదు. సముద్రపు నీటిని శుద్ధి చేసుకునే తాగుతారు. జార్జ్‌టౌన్‌లో ఎగ్జూమా మార్కెట్ అనే కిరాణా కొట్టు వెనక, డింగీలు, అంటే ఒడ్డుకి వెళ్ళొచ్చే చిన్న పడవలు, కట్టేసుకునే చోట పడవలవాళ్ళ కోసం కుళాయి ఒకటి పెట్టారు. నీళ్ళు ఉచితం. (ఆ కొట్టు వాళ్ళు ఏం అమ్ముకున్నా అమ్ముకోనీ, ఈ ఒక్క పనికి దణ్ణం పెట్టాలి.) చిన్న వంతెన కిందుగా డింగీ నడుపుకుంటూ వెళ్ళి 20 లీటర్ల క్యాన్లు నింపుకోవాలి. గాలి ఎదురైతే తిరిగొచ్చేటప్పుడు మనిషి నెత్తి నుంచి కాళ్ళ దాకా తడుస్తాడు, అంటే ఉతకాల్సిన బట్టల్లో ఇంకో జత చేరుతుంది. ఊళ్ళో టోకెన్ వేసే వాషింగ్ మెషీన్లూ లేకపోలేదు. నీళ్ళకే కరువైన చోట వాటి రేటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఆయన పొద్దున్నే వెళ్ళి నాలుగు క్యాన్లు నింపుకొచ్చాడు. ఆమె డెక్ మీద రెండు బకెట్లు పెట్టుకుంది. మొదటి దాన్లో సముద్రపు నీళ్ళు, లిక్విడ్ డిటర్జెంటు. మామూలు సబ్బు ఈ నీళ్ళలో నురగ రాదు, అందులోని కాల్షియంతో, మెగ్నీషియంతో కలిసి తెల్లటి తెట్టు కట్టి బట్టకే అంటుకుంటుంది. బాదడానికి బండ లేదు కాబట్టి కొత్త ప్లంజరొకటి బట్టలకే కేటాయించింది, దాంతోనే కుమ్ముతుంది. పడవ ప్రయాణంలో ఉన్నప్పుడైతే ఆ శ్రమా లేదు. మూతున్న బకెట్లో బట్టలు, నీళ్ళు, సబ్బు వేసి వెనక కట్టేస్తే అలల కుదుపులే ఉతికిపెడతాయి. జాన్ స్టైన్‌బెక్ 1962లో అచ్చయిన 'ట్రావెల్స్ విత్ చార్లీ'లో సరిగ్గా ఇదే పని ట్రక్కులో చేశాడు. మూతున్న బకెట్‌ని సాగే తాడుకి వేలాడదీసి, ఉతికే పని రోడ్డు గతుకులకి అప్పగించాడు.

రెండో బకెట్లో మంచినీళ్ళు. తెల్లవి ముందు, రంగువి తర్వాత, తువ్వాళ్ళు చివర. దుప్పటికి చెరో కొసా పట్టుకుని మెలితిప్పి, కారిన నీళ్ళు మళ్ళీ బకెట్లోనే పడేలా పిండుతారు. అంచుల వెంబడి ఉన్న తీగ రెయిలింగే దండెం. ఆరేసే ముందు దాన్నీ తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే చేసిందంతా ఉప్పుపాలే. గాలి జోరుగా ఉందని, ఆమె నేత దుప్పటికి రెండు క్లిప్పులు పెట్టడమే కాకుండా ఒక మూల రెయిలింగ్ కమ్మీకి ముడేసింది.

పన్నెండింటికి ఆయన అటూ ఇటూ చూశాడు. స్టాకింగ్ ఐలాండ్ వైపు లంగరేసినవాటిలో సగం పడవలు ఊరి వైపుకి వెళ్ళిపోయాయి. పడమటి గాలి తిరిగితే అటే ఆసరా. ఇటుంటే వెనకంతా ఇసుక ఒడ్డు, లంగరు జారితే నేరుగా దాని మీదికే.

"మనమూ వెళ్దామా?"

"తడిబట్టల మీద ఉప్పునీళ్ళు చిమ్మించుకుంటూ ఎక్కడికండీ? రాత్రికి గదా అన్నారు. ఒక్క గంట ఆగండి, దుప్పటి ఆరిపోతుంది."

ఆయనకీ ఆ క్యాన్లు మోసిన భుజాలు నొప్పిగానే ఉన్నాయి. ఆగాడు.

మూడు కాకుండానే గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ఆమె తలెత్తేసరికి వాయవ్యంలో నీళ్ళ మీద నల్లటి గీత. రేడియోలో ఎవరో అరుస్తున్నారు. ఆమె చేతికందినవి లాగి లోపలికి విసురుతుండగానే పడింది దెబ్బ. ముప్పై అయిదు నాట్లు, అంటే గంటకి 65 కిలోమీటర్ల గాలి. పడవ గిర్రున తిరిగి లంగరు గొలుసుని బిగలాగింది.

లంగరు పట్టు వదల్లేదు. వదిలింది ఎదర ఉన్న కేటమరాన్‌ది. ఆ రెండు డొప్పల పడవలో మనుషులు లేరు, ఒడ్డుకి వెళ్ళారు. అది అడ్డంగా తిరిగి వీళ్ళ మీదికే కొట్టుకొస్తోంది.

"ఇంజిన్ వేస్తున్నా! ఫెండర్ పట్టుకుని ముందుకెళ్ళు!"

ఇంజిన్ అంటుకుంది. గేరు పడింది. పడవ ఒక్కసారి కదిలి, లోపల దబ్బుమని చప్పుడై, ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పాడు. గేరు వేయగానే మళ్ళీ దబ్బు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే రెయిలింగ్ మీద దుప్పటి లేదు. ముడేసిన మూల మాత్రం కమ్మీకే ఉంది, మిగతాదంతా పక్కనుంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి పడవ కిందికి పోయింది.

"ఏవండీ, దుప్పటీ..." అంది. అంతకంటే చెప్పే పని లేకపోయింది.

ఇద్దరూ ముందుకి పరిగెత్తి, దెబ్బ కాచే మెత్తలైన ఫెండర్లు అడ్డం పెట్టారు. కేటమరాన్ రెండు చేతుల దూరంలో పక్కనుంచి దాటింది. ఈలోగా రెండు డింగీలు అలల మీద ఎగురుతూ దాని వెంట పడ్డాయి. పక్క పడవలోని క్విబెక్ పెద్దాయన దాన్లోకి పాకి, లంగరు గొలుసు ఇంకో పాతిక మీటర్లు వదిలాడు. ఒడ్డు ఇంకెంతో దూరం లేదనగా అది ఆగింది. ఎవరి పడవైనా జారితే పిలవకుండానే పరిగెత్తడం అక్కడి అలవాటు.

అప్పుడు వాన మొదలైంది. ఆవిడ ఇక్కడ చెప్పింది విని నాకు ఆశ్చర్యమేసింది. చేతులు ఇంకా వణుకుతున్నాయట, అయినా వానని పోనివ్వలేదు. మొదటి అయిదు నిమిషాలు డెక్ మీది ఉప్పు కొట్టుకుపోనిచ్చి, తడి తువ్వాలొకటి చుట్టగా చుట్టి ట్యాంకు మూత పక్కన కట్టలా అడ్డం వేసి, మూత తీసింది. డెక్ మీది నీళ్ళన్నీ అటు మళ్ళాయి. లోపలికి విసిరిన బట్టల మీద తుంపర్లు పడి మళ్ళీ ఉప్పయ్యాయి కాబట్టి, వాటినీ బయటికి తెచ్చి ఆ వానలోనే ఒక్కొక్కటే జాడించింది.

వాన వెలిసినా వాయవ్యం గాలి తగ్గలేదు. చీకటి పడేలోగా ఇంజిన్ కావాలి. ఆయన నడుముకి తాడు కట్టుకుని, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని, బ్రెడ్డు కోసే పళ్ళ కత్తి తీసుకున్నాడు.

"ఆ ఇంజిన్ తాళం నా చేతికిచ్చి దూకండి."

"తీసే ఉంది కదా."

"నా చేతికివ్వండి."

ఇచ్చాడు. ఆమె తాళాన్ని రవికలో దోపుకుని తాడు పట్టుకుంది.

కింద దుప్పటి ప్రొపెల్లర్ ఇరుసు చుట్టూ కవ్వానికి చుట్టిన తాడులా బిగుసుకుని ఉంది. మిషన్ బట్టయితే చిరిగేదేమో, ఇది నేతబట్ట. మడత మీద మడత పడి గట్టిపడిపోయింది. అల వచ్చినప్పుడల్లా పడవ వెనకభాగం పైకి లేచి దబాల్న పడుతోంది. దాని కింద తల పెట్టి, ఊపిరి బిగపట్టి, ఒక్కో పోగూ కోసి, పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ దిగాలి. నెత్తిన ఒక దెబ్బ తగిలింది, రక్తం వచ్చింది. పైకొచ్చిన ప్రతిసారీ ఆమె చేతిలో ఒక దుప్పటి ముక్క పెట్టేవాడు. చివరి ముక్కతో పాటు ఆయన్నీ లాగింది. ఒళ్ళంతా వణుకు, పెదాలు నీలం.

పొద్దుగూకే వేళకి ఇంజిన్ వేసుకుని ఊరి వైపుకి దాటారు. ఆ మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. తప్పు నాదని ఆమె అనలేదు, నీదని ఆయనా అనలేదు. లంగరు పట్టాక మాత్రం, "ఇంకనుంచి ఇంజిన్ వేసే ముందు ఆయిలుతో పాటు దండెం కూడా చూడాలి," అన్నాడట.

దుప్పట్లు ఇప్పుడు ఊళ్ళో మెషీన్‌కే వేస్తున్నారు, రేటు ఎంతైనా. మందపాటి తువ్వాళ్ళు పడవలోంచి వెళ్ళిపోయాయి. వాటిని జాడించడానికి పట్టే నీళ్ళూ ఎక్కువే, ఆరడానికి పట్టే ఎండా ఎక్కువే. వాటి చోట కాకినాడ నుంచి తెప్పించిన పల్చటి తుండుగుడ్డలు వచ్చాయి. గుప్పెడు నీళ్ళలో ఉప్పు వదిలేస్తాయి, టీ తాగేలోపు ఆరిపోతాయి. క్విబెక్ ఆయన భార్య వాటిని రెండు రోజులు గమనించి, మూడో రోజు డింగీ వేసుకుని వచ్చి, ఒకటి పట్టుకుని మొహం తుడుచుకుని చూసింది. తనకీ అరడజను కావాలట.