పిల్లల చెడుగుడు – తలకు తగిలే దెబ్బ: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

సంక్రాంతి మొదలు ఉగాది వరకు, ఆపైన గ్రామదేవతల జాతరల కాలంలోను సరిహద్దు గ్రామాలలో కబడ్డీ పోటీలు జరగడం పరిపాటి. తెలుగునాట చెడుగుడు అనీ, తమిళనాట సడుగుడు అనీ, మహారాష్ట్రలో హుతుతు అనీ పిలిచే ఈ ఆటకు రాష్ట్రాల ఎల్లలు లేవు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో దీనికి స్థానం లభించింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ప్రారంభమైన తరువాత, టెలివిజన్‌లో చూసిన పట్లను పదేళ్ల పిల్లలు సైతం గట్టి నేలపై అనుకరిస్తున్నారు. తలకు దెబ్బలు తగిలే అవకాశమున్న ఇటువంటి ఆటలను పిల్లలచేత ఆడించవచ్చునా అన్న సందేహం తల్లిదండ్రులకు కలగడం సహజమే.

ఆటను పూర్తిగా మాన్పించనవసరం లేదు. అయితే తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం కలిగిన మరుక్షణం ఆ బిడ్డను బరి నుండి తప్పించాలి. ఆ రోజు మరల దింపకూడదు. ఈ ఒక్క నియమాన్ని పాటించని ఊరిలో ఎంత మంచి క్రీడాస్థలమున్నా ప్రయోజనం లేదు.

మెదడు అదరడం అంటే ఏమిటి?

మెదడు మెత్తని అవయవం. పుర్రె లోపల ఒక ద్రవంలో తేలియాడుతూ ఉంటుంది. తలకు గాని, మెడకు గాని, శరీరంలో మరెక్కడైనా గాని బలమైన తాకిడి కలిగి తల ఒక్కసారిగా విదిలించబడినప్పుడు మెదడు లోపల కుదుపునకు గురవుతుంది. దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతింటుంది. దీనిని వైద్యులు కంకషన్ అంటారు. మెదడు అదరడం అని తెలుగులో చెప్పుకొనవచ్చు.

దీని విషయంలో రెండు అపోహలు బలంగా ఉన్నాయి. స్పృహ తప్పితేనే ప్రమాదమన్నది మొదటిది. నిజానికి మెదడు అదిరిన పిల్లలలో అత్యధికులు స్పృహ కోల్పోరు. లేచి నిలబడతారు, నడుస్తారు, మాట్లాడతారు. స్కానింగులో ఏమీ కనిపించకపోతే దెబ్బే లేనట్లన్నది రెండవది. సి.టి. స్కాన్ పుర్రె చిట్లడాన్ని, లోపలి రక్తస్రావాన్ని చూపుతుంది. మెదడు అదిరినప్పుడు అది సాధారణంగానే ఉంటుంది. కనుక లక్షణాలను గమనించడమే ముఖ్యం.

పెద్దవారికంటె పిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. వారి తల శరీర పరిమాణంతో పోల్చితే పెద్దది. మెడ కండరాలు బలహీనమైనవి. మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. పెద్దవారు సుమారు రెండు వారాలలో కోలుకుంటే, పిల్లలకు నాలుగు వారాల వరకు పట్టవచ్చు. అయినప్పటికీ తగిన విశ్రాంతి లభించిన పిల్లలలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారన్నది ధైర్యాన్నిచ్చే సంగతి.

రెండవ దెబ్బ

మొదటి దెబ్బ నుండి కోలుకోక మునుపే మరొక దెబ్బ తగిలితే, అది చిన్నదే అయినా, మెదడు అకస్మాత్తుగా వాచి ప్రాణాపాయం కలుగవచ్చు. ఇది అరుదే గాని, జరిగినప్పుడు బాధితులు ఎక్కువగా బాలలు, యువకులే.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్ అనే బాలుడు పాఠశాల ఫుట్‌బాల్ పోటీలో తలకు దెబ్బ తగిలి, కొంతసేపటికే మరల ఆటలోకి దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. శస్త్రచికిత్సలతో ప్రాణం దక్కినా శాశ్వత వైకల్యం మిగిలింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం చేసింది. దాని ప్రకారం కంకషన్ అనుమానం ఉన్న బాలుడిని వెంటనే ఆట నుండి తప్పించాలి. వైద్యపరమైన లిఖిత అనుమతి లేనిదే తిరిగి ఆడించరాదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలలోను ఇటువంటి చట్టాలు వచ్చాయి.

ఏ ఆటలో ఎటువంటి అపాయం?

కబడ్డీలో తలకు దెబ్బ ముఖ్యంగా మూడు విధాలుగా తగులుతుంది. కూతకు వచ్చినవాని చీలమండను పట్టబోయి వంగినప్పుడు అతని మోకాలు తలకు తగలడం మొదటిది. ఇద్దరు ఒకేసారి ఉరికి తలలు ఢీకొనడం రెండవది. కూతకు వచ్చినవానిని ఎత్తి వెనుకకు పడవేసినప్పుడు తల వెనుకభాగం నేలకు తగలడం మూడవది. నోరు మూయడం, గొంతు నొక్కడం, కాళ్లతో కత్తెర పట్టు వేయడం, గాయపడేలా మొరటుగా పట్టడం నిబంధనలకు విరుద్ధం. నేల చదునుగా, మెత్తగా ఉండాలన్నది కూడ నిబంధనే.

క్రికెట్‌లో ఆటగాళ్లు ఒకరినొకరు పట్టుకోరు. అపాయం గట్టి బంతి వలన కలుగుతుంది. 1998లో ఢాకాలో బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా, హెల్మెట్ లేకుండా ఫీల్డింగు చేస్తూ తలకు బంతి తగిలి భారత క్రీడాకారుడు రామన్ లాంబా మరణించాడు. 2014లో హెల్మెట్ ధరించి ఉన్న ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ మెడకు బంతి తగిలి మృతి చెందాడు. 2019 నుండి, మెదడు అదిరిన ఆటగాని స్థానంలో మరొకరిని దింపే అవకాశాన్ని అంతర్జాతీయ క్రికెట్ మండలి కల్పించింది. హెల్మెట్ పుర్రె చిట్లకుండ చాలావరకు కాపాడుతుంది గాని, లోపల మెదడు అదరకుండ పూర్తిగా ఆపలేదు.

బాక్సింగ్ సంగతి వేరు. ఇందులో తలపై కొట్టడం ఆటలోని భాగమే. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచిన తరువాత ఈ క్రీడపై తెలుగు కుటుంబాలకు ఆసక్తి పెరగడం సహజం. అయితే అమెరికా, కెనడా దేశాల శిశువైద్యుల సంఘాలు 2011లో, పిల్లలు బాక్సింగ్‌లో పాల్గొనరాదని స్పష్టంగా ప్రకటించాయి. ఏళ్ల తరబడి తలపై దెబ్బలు తిన్న బాక్సర్లలో మెదడు క్షీణించే తీరును హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే వర్ణించాడు. నాలుగైదేళ్లు బడిలో కబడ్డీ ఆడిన పిల్లలను ఆ బాక్సర్లతో సమానంగా భావించి భయపడనక్కరలేదు. తలపై దెబ్బల సంఖ్య ఎంత తగ్గితే అంత మంచిదని మాత్రం గుర్తించాలి.

ఇతర దేశాలు నిషేధం కంటె వయసును బట్టి నియమాలు మార్చడాన్నే ఎంచుకున్నాయి. అమెరికా సాకర్ సమాఖ్య 2015లో, 10 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు బంతిని తలతో కొట్టరాదని ప్రకటించింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ సంఘాలు 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుండి దానిని తొలగించాయి. కెనడాలో మంచు హాకీ ఆడే బాలలు ఒకరినొకరు శరీరంతో ఢీకొట్టడాన్ని నిషేధించిన చోట మెదడు అదిరే సంఘటనలు సగానికి పైగా తగ్గాయి.

బరి పక్కన గమనించవలసినవి

దెబ్బ తగిలిన పిల్లవాడు లేవడానికి ఆలస్యం చేయడం, తూలుతూ నడవడం, తల పట్టుకొనడం, శూన్యంగా చూడడం, అడిగినదే మరల అడగడం, తమ జట్టు ఏదో మరచిపోవడం — ఇవన్నీ మెదడు అదిరిన గుర్తులు. తలనొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, వికారం, వెలుతురును, శబ్దాన్ని సహించలేకపోవడం అతడు చెబితేనే తెలిసే లక్షణాలు. కొన్ని గుర్తులు గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాడు బయటపడతాయి.

“మనం ఏ ఊరిలో ఉన్నాం?”, “చివరి పాయింటు ఎవరికి వచ్చింది?” వంటి ప్రశ్నలు వేసి చూడడం వాడుకలో ఉన్న పద్ధతి. సరిహద్దు ప్రాంతాలలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంట తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతాడు. పోటీ నిర్వాహకుడు ఆ భాషలోనే ప్రశ్నిస్తాడు. బిడ్డ తడబడితే భాష రాకపోవడం వలననో, దెబ్బ వలననో తెలియదు. తలూపి ఊరకుంటే బాగానే ఉన్నాడని పొరబడతారు. కనుక ఈ ప్రశ్నలను ఇంటిభాషలోనే, బిడ్డ ఎరిగిన మనిషే అడగాలి. సరిగా జవాబు చెప్పినంత మాత్రాన తిరిగి ఆడించకూడదు. అనుమానమున్నా ఆట ఆపవలసిందే.

వైద్యునికి చెప్పేటప్పుడు కూడ ఈ చిక్కే ఎదురవుతుంది. తలనొప్పిని కన్నడంలో తలెనోవు, తమిళంలో తలైవలి, ఒడియాలో ముండబిన్ధా, మరాఠీలో డోకేదుఖీ అంటారు. వాంతిని కన్నడంలో వాంతి అనే అంటారు. తమిళంలో వాంది, ఒడియాలో బాన్తి, మరాఠీలో ఉలటీ. తల తిరగడాన్ని కన్నడంలో తలెసుత్తు అనీ, మరాఠీలో చక్కర్ అనీ చెప్పాలి. తమిళంలో మయక్కం అన్న మాట తల తిరగడానికీ, స్పృహ తప్పడానికీ రెండింటికీ చెల్లుతుంది. కనుక తమిళ వైద్యునితో ఆ మాట వాడితే బిడ్డ పడిపోయాడా, తూలాడా అన్నది విడిగా వివరించాలి. దెబ్బ తగిలిన సమయం, వాంతులు ఎన్నిసార్లు అయ్యాయి అన్న రెండు సంగతులు కాగితంపై వ్రాసుకొని వెళ్లడం మేలు.

తక్షణం ఆసుపత్రికి చేర్చవలసిన లక్షణాలు

• మాటిమాటికి వాంతులు కావడం
• తలనొప్పి తగ్గకుండ పెరుగుతూ ఉండడం
• మూర్ఛ రావడం, స్పృహ తప్పడం, లేపినా లేవనంత మగత
• కాళ్లు చేతులలో బలహీనత, తిమ్మిరి, మెడలో నొప్పి
• ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉండడం, ఒకటి రెండుగా కనిపించడం
• చెవి లేదా ముక్కు నుండి నీరు గాని, రక్తం గాని కారడం
• కలవరం, చికాకు అంతకంతకు ఎక్కువ కావడం

కొందరు దెబ్బ తగిలిన తరువాత కొంతసేపు బాగానే ఉండి, లోపలి రక్తస్రావం వలన హఠాత్తుగా క్షీణిస్తారు. అందువలన మొదటి రోజు బిడ్డను ఒంటరిగా విడువరాదు.

మెడనొప్పి ఉన్నా, స్పృహ లేకున్నా కదపకుండ పడుకోబెట్టి అంబులెన్సును పిలవాలి. ద్విచక్ర వాహనంపై ఇద్దరి నడుమ కూర్చోబెట్టి తీసుకొనిపోవడం పల్లెలలో తరచు జరిగే పొరపాటు. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉంటే దీనివలన కాళ్లు చేతులు పడిపోయే ప్రమాదముంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో అంబులెన్సుకు 108 సంఖ్యే వాడుకలో ఉంది. సరిహద్దున సెల్‌ఫోను పొరుగు రాష్ట్రపు టవరును అందుకొనవచ్చు. అందుచేత ఫోను చేయగానే రాష్ట్రం, జిల్లా, మండలం లేదా తాలూకా పేర్లను ముందుగా చెప్పాలి. సోడా పట్టించడం, ఉల్లిపాయ వాసన చూపించడం, మెడ విరవడం వంటివి చేయరాదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు వైద్యుని సలహా లేనిదే ఇవ్వరాదు.

తిరిగి బడికి, ఆ తరువాతనే ఆటకు

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ నిపుణుల సదస్సు ఆమోదించిన క్రమం 2023లో వెలువడింది. దాని ప్రకారం మొదటి 24 నుండి 48 గంటలు విశ్రాంతి అవసరం. అంటే చీకటి గదిలో బంధించడం కాదు. మెల్లగా నడవవచ్చు, ఇంటిపనులు చేసుకొనవచ్చు. టీవీ, సెల్‌ఫోను చూడడం తగ్గించాలి. ఆపైన కొంచెంకొంచెంగా చదువు, ఒంటిపూట బడి, పూర్తి బడి అన్నది వరుస.

ఆట విషయంలో నడక, తేలికపాటి పరుగు, ఒంటరి సాధన, పట్లు లేని జట్టు సాధన, పట్లతో సాధన, చివరకు పోటీ అన్న వరుసను పాటించాలి. ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు ఉండాలి. పట్లు, తాకిళ్లు ఉన్న మెట్టుకు చేరడానికి ముందు లక్షణాలన్నీ పోయి ఉండాలి, వైద్యుని అనుమతి ఉండాలి. బ్రిటన్ 2023లో పాఠశాలలకు, గ్రామస్థాయి క్రీడలకు విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల లోపు పోటీలో దిగరాదు. వైద్యుడు అందుబాటులో లేని గ్రామానికి ఈ లెక్క గుర్తుంచుకొనడానికి సులువైనది.

గ్రామంలో చేయదగిన ఏర్పాట్లు

బరిలో రాళ్లు ఏరి, మట్టిని తవ్వి గుల్ల చేసి, రంపపు పొట్టు కలిపితే నేల మెత్తబడుతుంది. చుట్టూ బండలు, ఇనుప స్తంభాలు లేకుండ చూడాలి. వయసుతో పాటు బరువును కూడ చూసి జట్లను కట్టాలి. 30 కిలోల పిల్లవానిపై 50 కిలోల పిల్లవాడు పడితే నియమాలేవీ కాపాడలేవు. చిన్న తరగతుల పిల్లలచేత పట్లు లేకుండ, తాకితే ఔటయ్యే విధంగా ఆడించవచ్చు. పెద్ద పిల్లలకు పట్టు నేర్పే ముందు పడడం నేర్పాలి: గడ్డం ఛాతీకి ఆనించుకొని, తల నేలకు తగలకుండ పడడం; పట్టేటప్పుడు తలను ఎదుటివాని మోకాలికి పక్కగా ఉంచడం. పోటీ జరిగేటప్పుడు, ఎవరినైనా ఆట నుండి తప్పించే అధికారం గల ఒక పెద్దమనిషిని రెండు ఊర్లవారు కలిసి ముందే నియమించుకోవాలి. ఆ మనిషికి రెండు భాషలు వచ్చి ఉంటే మరీ మంచిది.

ఐదు నుండి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన దేశంలో తలకు తగిలే తీవ్ర గాయాలలో అధికభాగం రోడ్డు ప్రమాదాల వలన కలిగేవే. హెల్మెట్ లేకుండ బండిపై పిల్లలను తిప్పుతూ, కబడ్డీ మాత్రం వద్దనడంలో అర్థం లేదు. పిల్లలు ఆడవలసిందే. “మగపిల్లవాడికి దెబ్బలు మామూలే, లే, కూతకు పో” అనే అలవాటును మాత్రం పెద్దలు మానుకోవాలి. పోయిన ఆటను వచ్చే జాతరలో గెలుచుకొనవచ్చు.