ఉప్‌షెరిన్ : ఒక యిద్దిష్ పదము పుట్టుక

ఆచార మొకచోటను, దాని పేరు వేరొకచోటను పుట్టుట కలదు. మూడేండ్లు నిండిన మగబిడ్డకు తొలిసారి జుట్టు తీయించు యూదుల వేడుకకు గల ‘ఉప్‌షెరిన్’ అను పేరిందుకు నిదర్శనము. ఇది మన పుట్టువెంట్రుకలు తీయించు వేడుక వంటిదే. అయితే వారు చెవులకడ కుచ్చులు మిగుల్తురు. తల ప్రక్కల వెంట్రుకలను గుండ్రముగా కత్తిరింపరాదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది. క్రొత్తగా నాటిన చెట్టు ఫలమును మూడేండ్లు తినరాదనియు నందే కలదు. మూడేండ్ల గడువునకు దీనినే కారణముగ జెప్పుదురు. వేడుకను మాత్రము శాస్త్రము విధింపలేదు, అది లోకాచారము.

ఈ యాచారము 16వ శతాబ్దినాటి పాలస్తీనాలో కానవచ్చుచున్నది. సఫేదు నగరవాసియగు ఇస్సాకు లూరియా (1534–1572) తన చిన్న కుమారుని మెరోనులోని షిమోన్ బార్ యొహాయి సమాధికడకు గొనిపోయి, తెలిసిన యాచారము ననుసరించియే జుట్టు తీయించెనని యాతని శిష్యుడు హయ్యీమ్ వితాల్ వ్రాసెను. అచ్చటి పేరు ‘హలాకా’; క్షౌరమను నర్థముగల అరబ్బీ మాట.

ఆచారము తూర్పు ఐరోపాలోని హసీదు సంప్రదాయపు యూదులలో వ్యాపించినది గాని యక్కడ నీ అరబ్బీ పేరు స్థిరపడలేదు. వారి యింటిభాష యిద్దిష్. సుమారు వేయేండ్ల క్రిందట రైన్ నదీప్రాంతమున జర్మను మాండలికములనుండి యేర్పడి, హీబ్రూ, స్లావు పదములను గలుపుకొని, హీబ్రూ లిపిలో వ్రాయబడు భాష యది. మతవిషయములకు హీబ్రూ పదములే మిక్కిలిగా వాడు నా భాష యీ వేడుకకు మాత్రము ఇంటిమాటల నేరుకొన్నది. ‘షెర్న్’ అనగా కత్తిరించుట. ‘ఒప్’ అనగా తొలగ. జర్మనులో నిదే ‘అబ్‌షేరెన్’. లిథువేనియా వైపు ‘ఒప్’ అనునది పోలండు, ఉక్రెయిను మాండలికములలో ‘ఉప్’ అగును. ఇంగ్లీషు ‘అప్’తో దీనికి సంబంధము లేదు. సంస్కృతమున ‘అపనయనము’నందలి ‘అప’ యను నుపసర్గ దీనికి దూరపు జ్ఞాతి.

1939 నాటికి యిద్దిష్ మాటలాడువారు కోటికి పైబడి యుండిరి. 1945 లోపల హతులైన సుమారు 60 లక్షల యూదులలో అధికసంఖ్యాకు లీ భాషవారే. నేటికిని న్యూయార్కు, జెరూసలేములలోని హసీదుల యిండ్లలో నీ భాష జీవించియున్నది. ఇంగ్లీషే యింటిభాషయైన అమెరికా యూద కుటుంబములలో సైతము వేడుకనాడు ‘ఉప్‌షెరిన్’ అనియే యందురు.

పొరుగుభాషల నడుమ తరతరములుగ నున్న తెలుగువారి కిది పరాయి సంగతి కాదు. భాష పోయిన యింట నొక పదము మిగులుట సంతోషమే. అయినను ఆ పదములో నే ముక్క యేమి చెప్పునో బిడ్డకు తెలియవలెనన్న, భాషయు నింట నుండవలెను.