గుడ్డబొమ్మకు ముఖం

గుడ్డబొమ్మ చేయడంలో కుట్టు పెద్ద కష్టం కాదు. రెండు ముక్కలు కలిపి కుట్టి, తిరగదీసి, దూది కూరితే ఒళ్లు తయారు. కష్టమంతా ముఖం దగ్గరే. కుంచె ఆనగానే రంగు దారాల వెంట పాకి, కంటిపాప మరకై కూర్చుంటుంది. ఈ బొమ్మల చరిత్రలో సగం ఆ మరకను ఆపడానికి పడిన పాట్లేనని నాకనిపిస్తుంది.

బొమ్మ మాత్రం చాలా పాతది. ఈజిప్టులో దొరికిన రోమన్ల కాలపు గుడ్డబొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నారబట్ట ఒళ్లు, లోపల పీలికలు, పపైరస్ ముక్కలు. ఏ పాపాయి పక్కలో పడుకున్నదో!

అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఇజానా వాకర్ 1873లో పేటెంట్ పొందారు. బట్ట పొరలను జిగురుతో అతికించి, అచ్చులో నొక్కి, గట్టిపడిన ముఖం మీద తైలవర్ణాలు వేసేవారు. అదే రాష్ట్రంలో మార్తా చేజ్ తన బొమ్మలను నీళ్లతో కడిగినా చెడనట్టు తీర్చారు. 1911లో నర్సుల శిక్షణ కోసం హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రికి మనిషంత బొమ్మనే చేసిచ్చారు.

నాకు మరీ ఇష్టమైనది కేథే క్రూజె కథ. 1905లో కూతురు మరియా బొమ్మ అడిగింది. శిల్పి అయిన తండ్రికి అంగడి బొమ్మలంటే గిట్టదు, మీరే చేసుకోండన్నాడు. ఆ తల్లి తువ్వాలులో ఇసుక నింపి, బంగాళాదుంపను తలగా కట్టి, కాలిన అగ్గిపుల్లతో కళ్లూ ముక్కూ నోరూ గీసింది. ఐదేళ్లకు ఆమె బొమ్మలు బెర్లిన్‌లో ప్రదర్శనకెక్కాయి. అప్పటికి అగ్గిపుల్ల పోయి తైలవర్ణం వచ్చింది.

రంగు పాకే చిక్కు మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లకూ తెలిసిందే. బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టాకే కలం పడతారు. పాలలోని కొవ్వు సిరాను గీత దాటనివ్వదు.

తైలవర్ణం ఆరడానికి రోజులు పట్టేది. 1950లలో నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులు అంగట్లోకి రావడంతో ఇంటి పని తేలికైంది. ఇప్పటి ఫాబ్రిక్ పెయింటు చాలావరకు ఆ జాతిదే: నీరు ఆవిరయ్యాక పల్చని పొరగా మారి దారాన్ని పట్టుకుంటుంది. నీళ్లెక్కువైతే మళ్లీ పాత మరకే. అందుకే బట్టను ముందుగా ఉతికి గంజి వదిలించి, దూది కూరకముందే ముఖం వేసి, ఒక రోజంతా ఆరనిచ్చి, వెనకవైపు ఇస్త్రీ చేస్తారు. కంటిలోని తెల్ల చుక్క మాత్రం నల్లరంగు పూర్తిగా ఆరాకే పెట్టాలి.