మండే ఎత్తుకెళ్లిన జెండా

1976 ఏప్రిల్ 25, ఆదివారం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో ఎడమవైపు పెవిలియన్‌లో కూర్చున్నారు మీరు. చేతిలో హాట్‌డాగ్. పక్కాయన ఒళ్లో ట్రాన్సిస్టర్. ఆట కళ్లెదుటే జరుగుతున్నా, విన్ స్కల్లీ కామెంటరీ చెవిన పడకపోతే ఇక్కడి జనానికి తోచదు.

బేస్‌బాల్ మ్యాచ్, నాలుగో ఇన్నింగ్స్. బ్యాటింగ్ డాడ్జర్స్‌ది, ఫీల్డింగ్ షికాగో కబ్స్‌ది. ఉన్నట్టుండి ఎవరో ఇద్దరు మైదానంలోకి పరిగెత్తారు. ఒక మనిషి, వెంట పదకొండేళ్ల కుర్రాడు. ఇలా దూకేవాళ్లు కొత్తేం కాదు కాబట్టి ముందు మీకు నవ్వే వస్తుంది. ఇద్దరూ ఔట్‌ఫీల్డ్ గడ్డి మీద ఏదో చాపలా పరుస్తున్నారు. ఎరుపు, తెలుపు చారలు కనబడగానే నవ్వు ఆగిపోతుంది. అమెరికా జెండా అది. ఆ మనిషి చేతిలో చిన్న డబ్బా ఎండకు తళుక్కుమంది. లైటర్లలో పోసే ద్రవం. జెండా మీద కుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

ఈలోగా సెంటర్ ఫీల్డ్ నుంచి లేత నీలం యూనిఫాం ఒకటి దూసుకొస్తోంది. కబ్స్ ఆటగాడు రిక్ మండే. ఆగలేదు, ఎవరినీ కొట్టలేదు. నేలబారుగా వచ్చే బంతిని అందుకున్నట్టు వంగి, జెండా లాక్కుని, అదే ఊపున వెళ్లిపోయాడు. వెనక నుంచి విసిరిన డబ్బా ఆయనకు తగల్లేదు. డాడ్జర్స్ థర్డ్ బేస్ కోచ్ టామీ లసోర్డా కేకలేస్తూ ఎదురొస్తున్నాడు. మండే ఆ తడిసిన గుడ్డను డాడ్జర్స్ పిచ్చర్ డగ్ రావ్ చేతికిచ్చి తన చోటికి తిరిగి నడిచాడు.

ఆ క్షణాన్ని పట్టిన జేమ్స్ రోర్క్ ఫొటోలో అందరూ మండేనే చూస్తారు. నా కళ్లు మాత్రం వెనక మోకాళ్ల మీదున్న కుర్రాడి దగ్గరే ఆగుతాయి. వాణ్ణి ఎవరు అడిగి తీసుకొచ్చారు?

మీ చుట్టూ పాట మొదలైంది, 'గాడ్ బ్లెస్ అమెరికా'. పాడమని ఎవరూ చెప్పలేదు. వియత్నాం యుద్ధం ముగిసి ఇంకా ఏడాది నిండలేదు. దేశానికి రెండు వందల ఏళ్ల పండుగ ముంచుకొస్తోంది. ఆ జెండా అంటే కొందరికి గర్వం, కొందరికి మంట. మండే ఆరేళ్లు మెరైన్ రిజర్వ్‌లో పనిచేసినవాడు. తర్వాతి ఇన్నింగ్స్‌లో ఆయన బ్యాటు పట్టుకు రాగానే, ప్రత్యర్థి జట్టువాడని కూడా చూడకుండా స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. మీరూ లేచారు. స్కోర్‌బోర్డు మీద ఆయన్ని మెచ్చుకుంటూ అక్షరాలు వెలిగాయి.

మ్యాచ్ పదో ఇన్నింగ్స్ దాకా సాగి 5-4తో డాడ్జర్స్ గెలిచారు. ఆ స్కోరు ఇప్పుడెవరికి కావాలి? మరుసటి ఏడాది మండే డాడ్జర్స్‌కే వచ్చాడు. 1981 అక్టోబర్‌లో మాంట్రియల్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ హోమ్‌రన్‌తో జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు. ఆ దెబ్బకు మాంట్రియల్ వాళ్లు ఆ రోజుకు 'బ్లూ మండే' అని పేరు పెట్టుకుని ఇప్పటికీ ఏడుస్తారు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు జెండా తగలబెట్టడం కూడా భావప్రకటనే అంది. ఆనాటి జెండా మాత్రం తర్వాత మండే చేతికే తిరిగొచ్చి, ఆయన దగ్గరే ఉంది. పది లక్షల డాలర్లిస్తామన్నా అమ్మనన్నాడు.