ఒక్కరే నడిపే పందెపు పడవ

డింగీ అను మాట నేడు ఇంగ్లీషు నిఘంటువులలో కనిపించుచున్నది గాని, అది అక్కడ పుట్టినది కాదు. బెంగాలీ, హిందీ భాషలలో చిన్న పడవకు డింగీ అని పేరు; మనము దోనె అన్నట్లే. నావికులు ఆ మాటను మన రేవుల నుండి పట్టుకొనిపోయినారు. ఇప్పుడది తెరచాపతో నడిచే చిన్న పడవకు పేరుగా ప్రపంచమంతటా స్థిరపడినది. వానిలో ఒక్కరే కూర్చుండి, ఒక చేత చుక్కాని, రెండవ చేత తెరచాప త్రాడు పట్టి నడిపే రకములు కొన్ని ఉన్నవి. అట్టి పందెపు పడవను కొనదలచినవాడు మొదట వేసే ప్రశ్న "వీనిలో ఏది వేగముగా పోవును?" అని. ఆ ప్రశ్నతో మొదలు పెట్టుటయే పొరపాటని ఈ పడవల చరిత్ర తెలియజేయుచున్నది.

రెండు వేర్వేరు పడవలు పందెము వేసినప్పుడు గెలిచినది మనిషా, పడవా? దీనికి సమాధానముగా ఏర్పడినదే "ఒకే నమూనా" పద్ధతి. అందరికీ అచ్చుగ్రుద్దినట్లు ఒకే విధమైన పడవలుండవలెను; అప్పుడు మిగిలే తేడా నడిపేవానిదే. ఊహ సులభమైనదే గాని, ఆ ఒక్క నమూనా ఏదో తేల్చుకొనుటకు ఒలింపిక్ క్రీడలవారికే చాలా ఏండ్లు పట్టినది. 1924లో పారిస్ క్రీడలకు ఒక ఫ్రెంచి పడవ. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జార్జి కాక్‌షాట్ అను ఆంగ్లేయుడు 1913లో గీసిన పన్నెండడుగుల డింగీ. 1932లో లాస్ ఏంజెలిస్‌లో స్నోబర్డ్, 1936లో జర్మనుల ఓ-యోల్. ప్రతి పర్యాయము పడవ మారినది. ఒకదానిపై సాధించిన నేర్పు నాలుగేండ్ల తరువాత మరొకదానిపై అక్కరకు రాకపోవచ్చును.

1948లో యఫా ఫాక్స్ రూపొందించిన ఫైర్‌ఫ్లై వచ్చినది. పలుచని చెక్కపొరలను జిగురుతో, వేడితో అచ్చులో అతికించి దీనిని చేసినారు. యుద్ధకాలములో విమానముల పనిలో అలవడిన విద్య అది. కాని అది అసలు ఇద్దరు నడుపవలసిన పడవ! దానిని ఒక్కొక్కరి చేత నడిపించినారు. ఇరువది ఏండ్ల డేనిష్ యువకుడు పాల్ ఎల్వ్‌స్ట్రమ్ మొదటి పందెమును మధ్యలో విడిచిపెట్టి కూడ, చివరకు స్వర్ణపతకము గెలుచుకొన్నాడు.

హెల్సింకీ క్రీడలకు ముందు, 1949లో, ఒక్కరికే తగిన క్రొత్త పడవ కొరకు ఫిన్లండు వారు నమూనాలను ఆహ్వానించినారు. స్వీడన్‌కు చెందిన రికార్డ్ సార్బీ రూపొందించిన "ఫిన్" ఎంపికైనది. దాని పొడవు నాలుగున్నర మీటర్లు, తెరచాప సుమారు పది చదరపు మీటర్లు. 1952లో సార్బీ తన పడవనే నడిపి కాంస్యపతకము పొందినాడు. స్వర్ణము మరల ఎల్వ్‌స్ట్రమ్‌దే. అతడు 1956లోను, 1960లోను కూడ గెలిచి, వరుసగా నాలుగు స్వర్ణములు సంపాదించినాడు.

ఇచ్చట కొంత భౌతికశాస్త్రము అవసరము. గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవ ఒక ప్రక్కకు ఒరుగును. నడిపేవాడు పాదములను పట్టీల క్రింద దూర్చి, రెండవ ప్రక్కకు వెలుపలికి వెల్లకిల వ్రేలాడి దానిని నిలువబెట్టవలెను. అతడు ఇచ్చే బలభ్రామకము అతని బరువును, పడవ నడిమి రేఖ నుండి అతని గురుత్వకేంద్రమునకు గల దూరమును గుణించగా వచ్చినది. ఎనుబది కిలోల మనిషి 1.2 మీటర్ల దూరములో ఉన్నచో అది 96. అంతే దూరములో అరువది కిలోల మనిషికి 72 మాత్రమే. అనగా గట్టి గాలిలో తేలికవాడు నాలుగవ వంతు బలము కోల్పోవుచున్నాడు. అతడు త్రాడు వదలి గాలిని పోనిచ్చుకొనవలసినదే. గాలి మందముగా ఉన్ననాడు మాత్రము తేలికవానిదే పైచేయి. ఏలయన అతని పడవ నీటిలో తక్కువ మునుగును.

ఫిన్ తెరచాప పెద్దది. కనుక అది బరువైన, బలమైన మనుష్యుల పడవ అయినది. ఎల్వ్‌స్ట్రమ్ ఇంటిలో బల్ల అమర్చుకొని వెల్లకిల వ్రేలాడుట అభ్యసించెడివాడు. కొందరు బరువు కొరకు ఉన్నిబట్టలు తడిపి తొడుగుకొనెడివారు. నడుము నొప్పులకు అది మంచి దారి! తరువాత నిబంధనలలో బట్టల బరువుకు హద్దు పెట్టినారు. ఆంగ్లేయుడు బెన్ ఐన్‌స్లీ 2000లో చిన్న పడవపై స్వర్ణము గెలిచి, ఫిన్‌కు మారుటకు తన శరీరపు బరువునే పెంచుకొనవలసి వచ్చినది. పడవకు తగినట్లు మనిషిని మార్చుట నాకు న్యాయముగా తోచదు. 2021లో జరిగిన టోక్యో క్రీడలతో ఫిన్ ఒలింపిక్ ప్రస్థానము ముగిసినది.

ఈలోగా 1956లో డెన్మార్కులో క్నూడ్ ఓల్సెన్ నాలుగు మీటర్ల ప్లైవుడ్ పడవ ఒకటి గీసినాడు. అతని పేరులోని మొదటి అక్షరములను తిరగవేసి దానికి "ఓకే" అని పేరు పెట్టినారు. ఇంటి వెనుక కొట్టములోనే తయారు చేసుకొనదగినది కనుక అది పలు దేశములకు ప్రాకినది.

1969లో కెనడాలో ఇయన్ బ్రూస్ అనునతడు తన మిత్రుడు బ్రూస్ కర్బీకి టెలిఫోను చేసి, కారు పైన కట్టుకొని పోదగిన చిన్న పడవ కావలెనన్నాడు. కర్బీ మాటలాడుచునే కాగితముపై గీత గీసినాడు. ఆ గీతయే లేసర్. 1971లో న్యూయార్కు ప్రదర్శనలో అమ్మకమునకు వచ్చినప్పుడు దాని వెల 695 డాలర్లు. గాజునారతో చేసిన పడవ, బరువు 59 కిలోలు, పొడవు 4.23 మీటర్లు. స్తంభము రెండు ముక్కల అల్యూమినియము గొట్టము. తెరచాపను చొక్కా చేయివలె దానికి తొడుగుదురు. ఇప్పటివరకు రెండు లక్షలకు మించి తయారైనవి. 1996 నుండి ఒలింపిక్స్‌లో ఉన్నది.

దీనిలో గొప్పతనము వేగము కాదు. ఆ ఒక్క పడవకే మూడు తెరచాపలున్నవి: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. ఎనుబది కిలోల ప్రాంతమువారికి మొదటిది, అరువది కిలోలకు కొంచెము అటునిటుగా ఉన్నవారికి రెండవది, నలువది, యేబది కిలోల పిల్లలకు మూడవది. ఇక్కడ మారేది తెరచాప, మనిషి కాదు. రెండవ తెరచాపతో 2008 నుండి స్త్రీలకు ఒలింపిక్ పోటీ జరుగుచున్నది. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ టోక్యోలోను, 2024లో పారిస్‌లోను పాల్గొన్నది అందులోనే.

అయితే ఈ ఏకరూపతకు వెల ఉన్నది. ఆమోదము పొందిన భాగములు తప్ప మరేవీ పందెములో చెల్లవు. కనుక తెరచాపల ధర ఎక్కువ. తయారీదారులకు, సంఘమునకు వివాదము వచ్చి, 2019లో పడవ పేరే మారినది. నేడు అవే పడవలను ఐఎల్‌సీఏ 7, 6, 4 అని పిలుచుచున్నారు. దీనికి పూర్తిగా విరుద్ధమైనది ఆస్ట్రేలియాలో 1928లో పుట్టిన మాత్. దానిలో కొలతల హద్దులకు లోబడి ఎవరైనను మార్పులు చేయవచ్చును. అందువలననే నేడది నీటి అడుగున రెక్కలమర్చుకొని నీటిపైన ఎగురుచున్నది. చూచుటకు అద్భుతమే, కాని మొదటిసారి కొనువానికి నేను చెప్పను.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్‌పై జరిగే పందెములలో కనిపించేది లేసరే. నీ చెరువులో పదిమంది నడిపే పడవ ఏదో, నీ బరువుకు ఏ తెరచాప తగునో చూచుకొన్నచో ఎంపిక చాలవరకు ముగిసినట్లే. ఒంటరిగా పోవు వేగమైన పడవకు పోటీ లేదు. పోటీ లేనిచోట పందెమూ లేదు.

పాతది కొనువారు ఒక పరీక్ష చేయవలెను. స్తంభము నిలుపు రంధ్రమును అంచువరకు నీటితో నింపి, కొంతసేపు వేచి చూడవలెను. నీటి మట్టము తగ్గినచో ఆ నీరు పడవ కడుపులోనికి పోవుచున్నదన్నమాట. అప్పుడు పైరంగు ఎంత మెరయుచున్నను బేరము మాని ఇంటికి పోవుట మేలు.